తాతగారి చిట్టా పుస్తకాల ఆధారంగా ఆయన జీవితం రాయదలచాను, పెద్దల సలహా కావాలి

గుణుపురం మనవరాలు:

అందరికీ నమస్కారం. మా తాతగారు, అంటే మా అమ్మ నాన్నగారు, తొంభై దాటిన వయసులో గత మాఘమాసంలో కాలం చేశారు. ఒడిశాలోని మా గుణుపురంలో ఆయనను పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. ఊరందరికీ ఆయన ఉప్పు షావుకారే. టెక్కలి పక్క పల్లె నుంచి చిన్నతనంలోనే వచ్చి, ఒకరి కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే కుర్రాడిగా చేరి, అక్కడే చిట్టా, అంటే రోజువారీ జమాఖర్చుల పుస్తకం, రాయడం నేర్చుకొని, ఇరవై దాటిన తర్వాత సొంతంగా ఉప్పు, కిరాణా, చింతపండు వ్యాపారం పెట్టి, కాళ్ళు సహకరించినంతకాలం ఆ గల్లాపెట్టె ముందే కూర్చున్న మనిషి.

సంవత్సరీకం నాడు బంధువులకు పంచడానికి ఆయన జీవితం గురించి చిన్న పుస్తకం వేయాలని ఇంట్లో అనుకున్నాం. మా పెద్దమామయ్య ఒక చిత్తుప్రతి రాశారు. అందులో తాతగారు ధర్మాత్ములని, దానశీలురని, అజాతశత్రువులని ఉంది. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ కాగితాలు చదువుతుంటే నాకు మా తాతగారు కనిపించలేదు. నాకు తెలిసిన తాతగారు కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా ‘లాభం’ అని, ఆ తర్వాత ‘రెండు’ అని మొదలుపెట్టేవారు. చింతపండు తట్ట ముందుకు వస్తే పైనున్న సరుకును చూడనైనా చూడకుండా, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునున్న ముద్ద తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, తడి ఎంత ఉందో, పిక్క ఎంత ఉందో, ఇసుక ఎంత కలిసిందో అక్కడికక్కడే చెప్పేసేవారు. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఆ లెక్క కాటా మీద పెద్దగా తప్పేది కాదు.

ఆయన గదిలో రెండు ఇనప్పెట్టెల నిండా చిట్టాలు, ఆవర్జాలు (ఒక్కొక్కరి పేరున విడివిడిగా రాసే ఖాతాల పుస్తకాలు) ఉన్నాయి. అన్నింటికంటే పాతదాని మొదటి పుటలో పసుపు కుంకుమల మరక, ‘శ్రీ’, దాని కింద ‘మన్మథ నామ సంవత్సరం’ అని ఉంది. తీరంలోని నౌపడ ఉప్పు చిన్న రైలులో గుణుపురానికి వచ్చిన రోజుల లెక్కలన్నీ వాటిలోనే ఉన్నాయి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసి, 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించిన ఆ రెండున్నర అడుగుల రైలుమార్గం లేకపోతే మా తాతగారికి వ్యాపారమే లేదని అమ్మమ్మ అనేది. ఉప్పు పైకి రావడం, చింతపండు కిందికి పోవడం అంతా దాని మీదే జరిగేదట.

నా సందేహాలు ఇవి. మొదటిది, పాత పుస్తకాల్లో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నాయి. వాటిని చదవడం మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ రాదు. రెండవది, 1980 సెప్టెంబరులో వంశధార వరద వచ్చిన తర్వాతి పుటల్లో చాలా ఖాతాలకు అడ్డంగా గీత కొట్టి ‘చెల్లు’ అని రాసి ఉంది. తాతగారు ఆ ఏడు బాకీలు మాఫీ చేశారని ఇంట్లో చెప్పుకుంటారు. అది పుస్తకంలో రాసే ముందు నిజమని తెలుసుకోవాలని ఉంది. మూడవది అడగడం కొంచెం కష్టం. కొండల మీది సవర గిరిజనుల పల్లెల వారికి ఇచ్చిన అప్పుల ఖాతాలు కూడా ఈ పుస్తకాల్లో ఉన్నాయి. ఆయనను తలచుకోవడానికి వేసే పుస్తకంలో వాటిని ప్రస్తావించాలా, వద్దా?

పర్లాకిమిడి గుమాస్తా (విశ్రాంత):

అమ్మా, మీ తాతగారి వంటి షావుకార్ల దగ్గరే నా జీవితమంతా చిట్టా రాశాను కాబట్టి మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలను.

రూపాయికి పదహారు అణాలు కదా. పాత తెలుగు లెక్కలో రూపాయల అంకె పక్కన ఒక్కొక్క నిలువు గీత పావు రూపాయికి, అంటే నాలుగణాలకు గుర్తు. ఒక్కొక్క అడ్డ గీత రూపాయిలో పదహారో వంతుకు, అంటే ఒక అణాకు గుర్తు. నిలువు గీతలు మూడు దాటవు, అడ్డ గీతలూ మూడు దాటవు. 12 అంకె పక్కన రెండు నిలువు గీతలు, ఆ తర్వాత మూడు అడ్డ గీతలు ఉంటే అది పన్నెండు రూపాయల పదకొండు అణాలు. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే ఒక పూటలో ఒక పుట చదివేస్తారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి కాబట్టి హేవిళంబి సంవత్సరపు పుస్తకం నుంచి ఈ గీతలు తగ్గుతూ పోయి, కొన్నాళ్ళకు పూర్తిగా మాయమవుతాయి. మీరు చెప్పిన మన్మథ 1955–56. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తాయని గుర్తుంచుకోండి. హేవిళంబి 2017లో మళ్ళీ వచ్చింది.

తూకాల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త అవసరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యే దాకా మన ఊళ్ళు మదరాసు రాజధానిలో ఉండేవి. ఆ తర్వాత కూడా కొట్లలో మదరాసు తూకాలే నడిచాయి. మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు. ఆ లెక్కన మణుగు పదకొండు కిలోల పైచిలుకు. రైలు రసీదులో రాసే మణుగు వేరు. అది ఎనభై తులాల సేర్లు నలభై, అంటే ముప్పైయేడు కిలోలకు పైగా. మీ తాతగారు ఉప్పు దిగుమతిని రసీదు ప్రకారం ఒక మణుగులోనూ, అమ్మకాన్ని మరొక మణుగులోనూ రాసి ఉంటే, తెలియనివారికి వచ్చిన ఉప్పు కంటే అమ్మిన ఉప్పు మూడింతలు ఎక్కువగా కనిపిస్తుంది. ఏ మణుగో చూసుకోకుండా లెక్క వేసి మనిషిని తప్పుపట్టకూడదు, అలాగే మెచ్చుకోనూ కూడదు.

ఇక ‘చెల్లు’ విషయం. ఆ మాట ఒక్కటే చూసి మాఫీ అని చెప్పలేం, ఎందుకంటే బాకీ పూర్తిగా తీరినా చెల్లు అనే రాస్తాం. ఆవర్జాలో చెల్లు పడిన తేదీ చూసి, అదే తేదీ చిట్టా తెరవండి. చిట్టాలో జమ వైపు ఆ మనిషి పేరున సొమ్ము పడి ఉంటే బాకీ తీరినట్టు. జమ లేకుండా ఆ మొత్తం ధర్మం ఖాతాలోకో నష్టం ఖాతాలోకో పోయి ఉంటే వదిలేసినట్టు. ధర్మం ఖాతా, నష్టం ఖాతా రెండూ ఒకటి కావని కూడా గమనించండి. రాదని తేలిన బాకీని నష్టంలో రాస్తారు. వసూలు చేసుకోగలిగి కూడా వద్దనుకున్న బాకీని ధర్మంలో రాస్తారు. ఆ రెండింటిలో ఆయన దేన్ని ఎంచుకున్నారో తెలిస్తే వరద ఏడు ఆయన మనసులో ఏముందో మీకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ పుస్తకం ఆయన తనకోసం రాసుకున్నదే తప్ప ఎవరికో చూపించడానికి రాసింది కాదు.

బరంపురం పట్టుకొట్టు అమ్మాయి:

అమ్మాయీ, నీ ప్రశ్న చదివి మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన బరంపురంలో పట్టుచీరల వ్యాపారం చేసేవారు. బెంగళూరు నుంచి వచ్చే పట్టునూలును నేతవారికి ఇచ్చి, కూలి కట్టి చీర తీసుకొనేవారు. ఆయన పోయిన తర్వాత మేమూ ఇటువంటి పుస్తకమే వేశాం. అప్పుడు నేను కుటుంబంలోని వారిని తక్కువగా, ఆయనతో పని చేసినవారిని ఎక్కువగా అడిగాను. ఇంట్లోవాళ్ళకు ఇంట్లో మనిషే తెలుస్తాడు, కొట్టులో మనిషి తెలియడు.

ఒక దేవాంగుల ఇంటికి వెళ్ళాను. ఆ పెద్దాయన మగ్గం మీద అప్పటికీ కుంభం అంచు, అంటే గుడి గోపురాల వంటి వరుసలున్న అంచు, నేస్తూనే ఉన్నారు. మా నాన్నగారు చీర తీసుకొనేటప్పుడు గుమ్మంలోకి వెళ్ళి, అంచును వెలుతురుకు పట్టుకొని, కుంభాల వరుస మీద బొటనవేలిని మెల్లగా పోనిచ్చేవారని చెప్పారు. ఎక్కడైనా పోగు తప్పితే వేలు అక్కడ ఆగిపోయేదట. ఆగినప్పుడు ఏమనేవారని అడిగాను. ఏమీ అనకుండా చీర మడిచి విడిగా పెట్టుకొనేవారని, కూలి మాత్రం తగ్గించేవారు కాదని, ఆ చీరను కొట్టులో అమ్మేవారు కూడా కాదని చెప్పారు. మరి అవన్నీ ఏమయ్యాయో నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మ, మా అత్తలు, నేను పెళ్ళిళ్ళకు పేరంటాలకు కట్టుకొని తిరిగిన పట్టుచీరలలో చాలా భాగం పోగు తప్పినవే. మా నాన్నగారు మాకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ధర్మాత్ముడు అనే మాట వేయకుండానే మా పుస్తకంలో ఆ ఒక్క పేరా చదివి మా పెద్దత్త గంటసేపు ఏడ్చింది.

కాబట్టి మీ తాతగారి దగ్గర బస్తాలు మోసిన కలాసీలు, సంతకు సరుకు తోలిన బండివారు, ఆయనతో పోటీపడిన ఎదుటి కొట్టువారు ఎవరైనా బతికి ఉంటే ముందు వారి దగ్గరికి వెళ్ళు. చిట్టా పుస్తకాలు ఇంకొన్నేళ్ళయినా ఉంటాయి. మనుషుల సంగతి అలా కాదు. ఎదుటి కొట్టువారిని తప్పకుండా అడుగు. వ్యాపారిని నిజంగా గమనించేది పోటీదారే.

మరొక్క మాట. నా మనవలు తెలుగు చక్కగా మాట్లాడతారు, కానీ బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే నేర్చుకోవడం వల్ల తెలుగు చదవలేరు. మా పుస్తకంలో ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో ఒడియా వేయించాం. ఖర్చు పెరిగింది, కానీ పిల్లలు చదివారు.

రాయగడ వకీలు:

మీ మూడవ ప్రశ్న గురించి రాస్తున్నాను. కొండవారి ఖాతాలను తప్పకుండా రాయండి, ఎందుకంటే అవి లేకుండా గుణుపురంలో ఉప్పు, చింతపండు వ్యాపారం చేసిన మనిషి జీవితం పూర్తి కాదు.

ఉప్పు కొండ మీద దొరకదు. చింతపండు కొండ మీద కావలసినంత ఉంది. చెట్టు కాపుకు వచ్చేది మాఘ, ఫాల్గుణ మాసాలలో. ఉప్పు, బట్ట, విత్తనం కావలసింది అంతకు ముందు వానాకాలంలో. ఆ నడుమ నెలల్లోనే అప్పు పుట్టేది. వానాకాలంలో ఇచ్చిన ఉప్పుకు వేసవిలో చింతపండు తీసుకొనేటప్పుడు ధర చెప్పేది షావుకారు, కొలిచేది షావుకారు, పుస్తకంలో రాసేది షావుకారు, ఇచ్చినవారికి ఆ పుస్తకం చదవడం రాదు. మీ తాతగారు ఎంత మంచివారైనా ఆ ఏర్పాటులో ఒక పక్షాన కూర్చున్నవారే. ఈ ప్రాంతంలో గిరిజనుల భూములు అప్పుల కింద చేతులు మారడం పెరిగినందువల్లనే 1956లో ఒడిశా ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాలలో భూబదిలీ నిబంధనలు తెచ్చింది. 1967లో అదే ప్రాంతాలకు వడ్డీవ్యాపారుల నిబంధనలు తెచ్చి, అప్పులిచ్చేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. మీ పుస్తకాలు ఈ రెండు సంవత్సరాలకు ముందూ వెనుకా ఉన్నాయి. 1967 తర్వాత ఆ ఖాతాలు ఎలా మారాయో చూడండి. ఆయన కొండవారికి అప్పులివ్వడం మానేశారా, లైసెన్సు తీసుకున్నారా, ఖాతా పేరు మార్చారా, ఉప్పుకు ఎంత చింతపండు పట్టారు, బజారు ధర ఎంత ఉంది? ఇవన్నీ ఆ పుటలలోనే దొరుకుతాయి. అవి చూసిన తర్వాత మీరు రాసే మెప్పుకు విలువ ఉంటుంది.

అయితే అప్పు తీసుకున్నవారి పేర్లు, పల్లెల పేర్లు వేయకండి. వారి మనవలు ఇప్పుడు గుణుపురంలోనే చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వారి తాతల బాకీలు మీ ఇంటి పుస్తకంలో అచ్చు కావడం న్యాయం కాదు.

జయపురం పెదనాన్న:

తల్లీ, వకీలుగారి మాటలను గౌరవిస్తాను, వారు చెప్పిన చరిత్రలో నాకు అభ్యంతరం లేదు. కానీ సంవత్సరీకం నాడు భోజనాల తర్వాత చేతిలో పెట్టే పుస్తకం ఆయన భార్య, పిల్లలు చదువుకొనేది. మీ అమ్మమ్మగారు ఉన్నారో లేరో రాయలేదు. ఉంటే ఆవిడ ఆ పుటలు చదివేటప్పుడు ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. ఆ కాలంలో బ్యాంకు కొండ మీదికి వెళ్ళలేదు, రోడ్డు కూడా వెళ్ళలేదు. ఉప్పు మోసుకొని వెళ్ళింది షావుకార్లే. వడ్డీ గురించి రాసేవారు ఆ నడక గురించి కూడా రాయాలి. నా అభిప్రాయంలో ఆ ఖాతాల లెక్కలను విడిగా రాసి, ఇంట్లో భద్రపరిచి, పంచే పుస్తకంలో రెండు వాక్యాలతో సరిపెట్టండి.

గుణుపురం మనవరాలు:

అందరికీ కృతజ్ఞతలు. గుమాస్తాగారు చెప్పిన పద్ధతిలో మా పిన్ని, నేను కూర్చొని వరద వచ్చిన రౌద్రి (1980–81) సంవత్సరపు ఆవర్జాను చిట్టాతో సరిచూశాం. కనిపించింది కనిపించినట్టు రాస్తున్నాను.

ఏటి ఒడ్డు వీధుల్లోని చిన్న ఖాతాలు దాదాపు అన్నీ జమ లేకుండానే చెల్లు అయ్యాయి. వాటి మొత్తాలు ధర్మం ఖాతాలో ఉన్నాయి, నష్టంలో లేవు. అరువుకు సరుకు తీసుకున్న పెద్ద కొట్లు, హోటళ్ళ ఖాతాలు మాత్రం తర్వాతి నెలల్లో పూర్తిగా జమ అయ్యాయి. అక్కడ ఆయన పైసా కూడా వదలలేదు. కొండ పల్లెల ఖాతాలకు చెల్లు లేదు. అవి అలాగే మరుసటి ఏడు దుర్మతి సంవత్సరపు పుస్తకంలోకి ఎక్కి, ఆ వేసవిలో చింతపండు రూపంలో జమ అయ్యాయి. ఇంట్లో చెప్పుకొన్న మాట నిజమే, కానీ ఊరి వరకే నిజం. మాఫీ చేయగల మనిషి ఆ మాఫీని కొండ దాకా ఎందుకు తీసుకుపోలేదో నాకు తెలియాలని ఉంది. వరద నీరు అంత ఎత్తుకు పోలేదన్నది ఒక జవాబు కావచ్చు, కానీ ఆ వానలకు కొండ మీద పంట నిలిచి ఉంటుందని నేను అనుకోలేను. తాతగారు ఉన్నప్పుడే ఈ పుస్తకాలు తెరిచి ఉంటే ఆయననే అడిగేదాన్ని. అడిగితే కోపగించకుండా జవాబు చెప్పేవారని నా నమ్మకం.

పెదనాన్నగారూ, అమ్మమ్మ నాలుగేళ్ళ కిందటే పోయింది. ఈ సంగతులు పెద్దమామయ్యకు చూపించాను. మొదట ఆయన మీ మాటే అన్నారు. తర్వాత ధర్మం ఖాతా పుటను పుస్తకంలో బొమ్మగా వేయాలని ఆయనే అడిగారు. అది వేస్తే పక్కనున్న కొండ ఖాతాల పుట గురించి కూడా రాయాలని నేను పట్టుబట్టాను. ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. వకీలుగారు చెప్పినదీ అదే కాబట్టి నాకూ సమ్మతమే. మీరు చెప్పిన ఉప్పు నడక గురించి అప్పట్లో తాతగారితో సంతలకు వెళ్ళిన ఒక కలాసీ ఇంకా ఉన్నారని తెలిసింది. పుట్టాసింగి సంత దారిలో కావిడితో ఉప్పు మోసిన మనిషి. వచ్చే వారం ఆయన దగ్గరికి వెళ్తున్నాను. కుడి పుటలో ఒడియా వేయించడం కూడా ఖాయం చేశాం. బరంపురంలో ఉన్న మా మేనమామల పిల్లలకు అదే కావాలి.

గుమాస్తాగారికి ఇంకొక ప్రశ్న. పాత పుస్తకాల కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. కొన్ని పుటలు తేమకు ఒకదానికొకటి అంటుకున్నాయి. అచ్చుకు ఫొటోలు తీసే ముందు ఏం చేయాలి?

పర్లాకిమిడి గుమాస్తా (విశ్రాంత):

అమ్మా, అంటుకున్న పుటలను బలవంతంగా విడదీయకండి, ఎండలో అసలే పెట్టకండి. ఎండకు సిరా పాలిపోతుంది, కాగితం మరింత పెళుసెక్కుతుంది. నీడలో, గాలి ఆడేచోట, పుటల మధ్య అచ్చులేని తెల్ల కాగితాలు పెట్టి, రోజూ వాటిని మారుస్తూ ఆరబెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి కప్పు లేచిపోయి పుస్తకాలన్నీ తడిసిపోయాయి. చాలావాటిని ఈ పద్ధతిలోనే దక్కించుకున్నాను. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. అట్ట ఊడిపోయినవాటిని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టండి.

ఫొటోలు తీసేటప్పుడు ప్రతి పుస్తకానికీ సంవత్సరం పేరున్న మొదటి పుటను తప్పకుండా తీయండి, లేకపోతే తర్వాత ఏ పుట ఏ ఏటిదో తెలియదు. దీపం పక్క నుంచి పడేటట్టు పెట్టుకుంటే పాలిపోయిన అడ్డ గీతలు కూడా కనిపిస్తాయి. చదవలేని పుటలు ఏవైనా మిగిలితే ఇక్కడే పెట్టండి, కానీ ఖాతాదారుల పేర్ల మీద కాగితం ముక్క కప్పి తీయండి. ఉప్పు దిగుమతి పుటలు పెడితే అది రైలు మణుగో కొట్టు మణుగో నేను చూసి చెబుతాను.